కొసరు కాదు

గ్రిమ్స్‌బీ రేవు పక్క ఫ్యాక్టరీలో
తెల్లవారుజామున ఐదింటికే నీలం గ్లవ్స్ తొడుక్కుంటాను.
బెల్టు మీద హాడక్ చేపలు వస్తుంటాయి,
తలల్లేకుండా, తోకల్లేకుండా,
మీదే సముద్రమని అడిగే పని లేకుండా.

నా బ్యాడ్జీ మీద 'క్రిపా' అని ఉంటుంది.
మిగతా సగం, మణి, పట్టలేదన్నారు.
టీ గదిలో ఒకరోజు గ్లెండా అడిగింది,
"నీ పేరుకి అర్థం ఏంటమ్మాయ్?"

ఇన్నేళ్లూ ప్రార్థనల్లో, పెళ్లి శుభలేఖల్లో,
'దేవుని కృప వలన ఇక్కడ మేమంతా క్షేమం' అని
నాన్న రాసే ఉత్తరాల మొదటి వరుసలో
ఉప్పులా వాడేసిన మాట.
తీరా అడిగితే నోట్లో ఏమీ లేదు.

నిజాంపట్నం సంతలో మా నాయనమ్మ సలోమి
ఎండురొయ్యలు సోలతో కొలిచేది.
"కొసరేదీ" అని బేరగాళ్లు నోరు తెరిచేలోపే
ఇంకో పిడికెడు వేసేది.
అదే చెప్పబోయాను, కొలతకి పైన వేసేది అని.
"ఓ, ఒకటి కొంటే ఒకటి ఉచితమా!" అంది గ్లెండా.
ఇద్దరం నవ్వాం.
ఇంటికెళ్లే బస్సులో ఆ నవ్వు ముల్లులా గుచ్చుకుంది.
కొసరు అడగాలంటే ముందు ఏదో ఒకటి కొని ఉండాలి కదా.
నేనేం కొన్నాను?

నవంబరులో ఒక గురువారం
ఆవపిండి కలిసిన పెట్టెల మీద
ఆవపిండి లేదన్న లేబుళ్లు అంటించాను. నలభై పెట్టెలు.
లారీ ఎక్కేముందు పట్టుకున్నారు గానీ
డారెన్ మొహం ఐసుగడ్డ.
"ఎవరి పని ఇది?"
వీసా కాగితాలు, ఇంటద్దె, పిల్లాడి కొత్త బూట్లు
అన్నీ ఒక్కసారే గొంతులోకి ఎగబడ్డాయి.
"నాదే" అంది గ్లెండా
చేతులు తుడుచుకుంటూ,
టైమెంతో చెప్పినంత మామూలుగా.
రెండు వందల పౌన్ల క్రిస్మస్ బోనస్ పోయిందామెకి.
నేను నోరు తెరవలేదు. అది కూడా రాస్తున్నాను.

మర్నాడు పులిహోర పట్టుకెళ్లాను.
పై వారం రొయ్యల వేపుడు.
ఆ పై వారం ఒక కవరు, అందులో నాలుగు ఇరవై నోట్లు.
పులిహోర తింది. వేపుడు తిని
కారానికి ముక్కు చీదుకుని, మళ్లీ తింది.
కవరు మాత్రం నా క్యారేజీ కింద పెట్టేసింది.
"ఇది తిండి. బాగుంది.
అది అయిపోయింది. రెండూ కలపకు."

గ్లెండా చర్చికి రాదు.
మొగుణ్ణి సముద్రం ఉంచేసుకున్నప్పటి నుంచి
దేవుడితో మాటల్లేవంటుంది.

ఆదివారం మెథడిస్టుల హాలు అద్దెకు తీసుకుని
మేం పదకొండు కుటుంబాలం కూడుకుంటాం.
సాక్ష్యం చెప్పమన్నారు. లేచాను.
ఎప్పటి మాటలే నాలుక మీద వరసగా వేలాడాయి,
ఇస్త్రీ చేసిన చొక్కాల్లా.
ఒక్కటీ నాకు పట్టలేదు.
"తప్పు నేను చేశాను. వేరేవాళ్లు మోస్తుంటే ఊరుకున్నాను"
అని కూర్చున్నాను.
ఎవరూ స్తోత్రం అనలేదు.
హీటరొక్కటే టిక్కుటిక్కుమంది.
తర్వాత పళ్లెం వచ్చింది. చెయ్యి చాపాను.
ఎంత సబ్బు రుద్దినా పోని చేపల వాసన.
ఆ చేతిలోనే పెట్టారు రొట్టె.

సోమవారం డారెన్ గదికి వెళ్లి చెప్పేశాను.
"బోనస్ వెనక్కి రాదు" అన్నాడు,
ఫారం మీద ఏదో రాసుకున్నాడు, ఏం రాశాడో తెలీదు.
విషయం తెలిసి గ్లెండా మండిపడింది.
"ఇచ్చిందాన్ని ఉంచుకోవడం కూడా రాదా నీకు?"
రెండ్రోజులు నా వైపు చూడలేదు.

మూడోరోజు, మిషన్ల హోరు మీదుగా,
"క్రూపా! ఎక్కడ చచ్చావ్? బెల్టు నిండిపోతోంది!"

నేనింకా ఏమీ చెయ్యకముందే,
కళ్లైనా సరిగ్గా తెరవకముందే
నాకు పెట్టేసిన పేరు.

పలికాను.